ఇంటి దస్తావేజు నడుగు ఋణదాతలు



డబ్బాలో నున్న బియ్య మెన్ని దినములకు సరిపోవునో గృహిణి మూఁత తీయకయే చెప్పఁగలదు. కాని యింటి దస్తావేజు ఏ పెట్టెలో నున్నది, అది యెవరి పేర నున్నది, దానిపై నేమైన బాకీ గలదా యని యడిగినచో మనలోఁ బలువురు మౌనము వహింతురు. "అవి మగవారి సంగతులు" అని త్రోసివేయుట మనకు వాడుకయైనది. ఆ సంగతియే గడప దాఁటి లోనికి వచ్చి, "ఇచ్చట సంతకము చేయుఁడు" అని కాగితము చాఁచిన నాఁడు గాని దాని బరువు తెలియదు.

ఈ విషయమై మాకు వచ్చుచున్న లేఖలలో నొకదాని సారాంశ మిది: "మా వారికి బట్టలకొట్టు కలదు. వ్యాపారము మందగించినది. ఇద్దఱు వడ్డీవ్యాపారులయొద్ద ప్రోనోట్లమీఁద అయిదు లక్షల రూపాయలు తెచ్చిరి. ఇప్పుడు వారిలో నొకరు, 'ఇల్లు హామీగాఁ బెట్టుఁడు, లేనిచో దావా వేసెదను' అనుచున్నారు. మా తండ్రిగారు పసుపుకుంకుమల క్రింద నా కిచ్చిన స్థలములోఁ గట్టిన యిల్లది. సంతకము చేయనిచో భర్తను కష్టములో విడిచినదాన నగుదునేమో! చేసినచో పిల్లలకు నీడ లేకుండఁ బోవునేమో! ఏమి చేయవలయును?"

ఈ సోదరి పేరును ఊరును ప్రకటింపము. ఆమె ప్రశ్న యొక్కరిది కాదు గనుక సమాధానము నందఱికిని వ్రాయుచున్నాము.

హామీ లేని అప్పు, హామీ గల అప్పు

మొదట నీ భేదమును గ్రహింపవలయును. ప్రోనోటుమీఁద నిచ్చిన అప్పునకు మనిషి మాటయు సంతకమునే ఆధారము. అది తీరనిచో ఋణదాత కోర్టుకుఁ బోయి దావా వేసి, తన బాకీని ఋజువు చేసి, డిక్రీ పొంది, ఆ పిమ్మటనే ఋణస్థుని ఆస్తిని జప్తు చేయింపఁగలఁడు. నోటు తేదీ మొదలు మూఁడు సంవత్సరములలో దావా వేయనిచో అతని హక్కునకు కాలదోషము పట్టును. నడుమ కొంత చెల్లించి నోటు వెనుక చెల్లు వ్రాసి సంతకము చేసినచో, నాఁటినుండి మరల మూఁడు సంవత్సరములు లెక్కకు వచ్చును.

అదే అప్పునకు ఇల్లు తనఖా పెట్టినయెడల స్థితి మాఱిపోవును. మూఁడు సంవత్సరముల గడువు పండ్రెండగును. ఆ యింటిని అమ్మగా వచ్చిన సొమ్ములో తక్కిన అప్పులవారికంటె ముందుగా అతనికే ముట్టవలయును. కాఁబట్టి, "నమ్మకముకొఱకు ఇల్లు వ్రాయుఁడు" అని యడుగువాఁడు చిన్న ఉపకారమును గోరుట లేదు. నిన్నటివరకు తనకు లేని గొప్ప హక్కును గోరుచున్నాఁడు. దానికి బదులుగా అతఁడు మన కేమి యిచ్చుచున్నాఁడు? వడ్డీ తగ్గించునా? రెండేండ్ల గడువిచ్చునా? పాత నోట్లు తిరిగి యిచ్చునా? ఏమియు నీయక "దావా వేయను" అని నోటిమాట మాత్రమే చెప్పినచో, ఆ బేరములో లాభమంతయు నతనిదే.

దావా అను మాట వినఁగానే మనకు గుండె జల్లుమనును. వీధిలో పరువు పోవునని భయము. ఆ భయమే పలువురిచేత సంతకములు చేయించుచున్నది. కాని దావాలో మన వాదము వినువారుందురు, వడ్డీ లెక్క చూచువారుందురు, వాయిదాలు కోర వీలుండును. తొందరపడి చేసిన సంతకమున నివి యేవియు లేవు.

తనఖాలోని రకములు

1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టములో తనఖాలు పెక్కు విధములుగాఁ జెప్పఁబడినవి. వానిలో రెండింటిని మన మెఱిఁగియుండవలయును. మొదటిది రిజిస్టరు తనఖా. నూఱు రూపాయలకుఁ దక్కువగాని అప్పునకు ఇల్లు తనఖా పెట్టవలెనన్నచో, ఇంటి యజమాని సంతకమును, ఇద్దఱు సాక్షుల సంతకములును, రిజిస్ట్రేషనును ఉండవలయును. రెండవది దస్తావేజులను అప్పగించుటచేఁ గలుగు తనఖా. ప్రభుత్వము ప్రకటించిన పట్టణములలో, అప్పునకు హామీగా నుండవలెనను ఉద్దేశముతో అసలు దస్తావేజును ఋణదాత చేతి కిచ్చినచో నదియే తనఖా యగును. బ్యాంకులు గృహఋణముల కెక్కువగా నీ పద్ధతినే యనుసరించును. కావున, "ఊరక మాయొద్ద నుంచుఁడు, భద్రముగా నుండును" అని యెవరడిగినను అసలు దస్తావేజు నీయరాదు. చూపవలసివచ్చినచో నకలు చూపవలయును.

వీనికంటె నపాయకరమైనది మఱియొకటి కలదు. కొందఱు వడ్డీవ్యాపారులు తనఖా వ్రాయించుకొనుటకు మాఱుగా, ఇంటిని తమకు విక్రయించినట్లే క్రయదస్తావేజునో, క్రయపు ఒప్పందమునో, జనరల్ పవరాఫ్ అటార్నీనో వ్రాయించుకొందురు. "బాకీ తీఱినదినమున తిరిగి వ్రాసి యిచ్చెదను" అని నోటితోఁ జెప్పుదురు. ఆ మాటను నమ్మి మునిఁగిన కుటుంబములు మన జిల్లాలలో లేకపోలేదు. సొమ్ము తిరిగి యిచ్చినచో ఇల్లు తిరిగి వ్రాసి యీయవలెనను షరతు ఆ క్రయదస్తావేజులోనే లేనిచో దానిని తనఖాగా నెంచరాదని 1929లో చట్టమును సవరించిరి. వేఱొక కాగితముమీఁద వ్రాసికొన్నను, పెద్దలయెదుటఁ జెప్పించుకొన్నను ఆ దస్తావేజు తనఖా కాఁజాలదు. తనఖా యైనచో బాకీ తీర్చి ఇంటిని విడిపించుకొను హక్కు యజమానికిఁ జట్టమే యిచ్చుచున్నది. విక్రయమైనచో నా హక్కు పోయినట్లే. అందుచేత అప్పు నిమిత్తము క్రయపత్రముమీఁద నెన్నఁడును సంతకము చేయఁగూడదు. ఖాళీ స్టాంపు కాగితములును, అంకెలు వ్రాయని ప్రోనోట్లును, ఖాళీ చెక్కులును నిట్టివే.

ఇల్లెవరిది?

మా సోదరి ప్రశ్నలో ముఖ్యమైన దిదియే. 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టములోని 14వ సెక్షను ప్రకారము హిందూ స్త్రీకి పుట్టింటివారిచ్చినదైనను, తాను సంపాదించినదైనను, ఆ యాస్తిపై సంపూర్ణాధికార మామెదే. ముస్లిము, క్రైస్తవ సోదరీమణుల స్వంత యాస్తియు వారిదే. భర్త చేసిన అప్పునకు భార్య యాస్తి తనంతట తాను బాధ్యము కాదు. ఎప్పుడు బాధ్యమగు ననఁగా, ఆమె సహఋణస్థురాలిగానో, జామీనుదారుగానో, తనఖాదారుగానో సంతకము చేసినప్పుడు. జామీనుదారు బాధ్యత అసలు ఋణస్థుని బాధ్యతతో సమానమని 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము చెప్పుచున్నది. "ముందు మీ వారినే అడుగుదుము, తరువాతనే మీయొద్దకు వచ్చెదము" అను మాట కాగితముమీఁద లేనిచో దానికి విలువ లేదు.

భర్తపై వచ్చిన డిక్రీకి భార్య యింటిని జప్తు చేయవచ్చినచో, ఆమె ఆ కోర్టులోనే క్లెయిము పిటిషను దాఖలు చేసి ఇల్లు తనదని చూపవచ్చును. అప్పుడు ఋజువులు కావలయును. దస్తావేజు, పన్ను రసీదులు, ఇంటి కట్టుబడికి సొమ్మెక్కడనుండి వచ్చెనో తెలుపు బ్యాంకు కాగితములు మున్నగునవి యొక్కచో భద్రపఱచుకొనవలయును.

మైనరు పిల్లల పేర నున్న స్థిరాస్తిని కోర్టు అనుమతి లేక తండ్రిగాని తల్లిగాని తనఖా పెట్టరాదని 1956వ సంవత్సరపు మైనారిటీ సంరక్షక చట్టము విధించినది. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెకును కుమారునితో సమానమైన జన్మహక్కు కలదని మన ఆంధ్రదేశమున 1985 నుండియు, దేశమంతటను 2005 నుండియు చట్టమే చెప్పుచున్నది. కావున ఇట్టి యాస్తిని హామీగాఁ గోరినప్పుడు ఎవరెవరి వాటాలు అందులోఁ గలవో విచారింపవలయును.

ఒక హెచ్చరిక కూడఁ జేయవలసియున్నది. అప్పులవారు మీఁద పడుచున్నారని భర్త తన యింటిని హఠాత్తుగా భార్య పేరఁ బెట్టుట కొన్నియిండ్లలోఁ గలదు. ఋణదాతలను వంచించు నుద్దేశముతోఁ జేసిన బదిలీని కోర్టు రద్దు చేయవచ్చును. అట్టి పనివలన ఇల్లు దక్కదు, నిజాయితీయు దక్కదు.

కోర్టు దారి

ప్రోనోటు అప్పులవాఁడు దావా వేసినచో సమను వచ్చును. దానిని తీసికొనక తలుపు వేసికొనుటయే మనము చేయు పెద్ద తప్పు. హాజరు కానిచో ఎక్స్‌పార్టీ డిక్రీ అగును. అట్లైనను ముప్పది దినములలోఁ దగిన కారణము చూపి దానిని త్రోయించుకొన వీలు గలదు. హాజరై లెక్క యడిగినచో, చెల్లించిన సొమ్ము జమయైనదో లేదో తేలును. తగిన కారణ మున్నచో డిక్రీ సొమ్మును వాయిదాలమీఁదఁ జెల్లింపుమని కోర్టు ఆజ్ఞాపింపవచ్చును. డిక్రీ యైన పిమ్మట వాయిదాలకు డిక్రీదారుని సమ్మతి కావలయును. కావున మొదటనే కోరుట మేలు.

తీర్పు రాకమునుపే ఇంటిని జప్తు చేయింపఁజూచు ఋణదాతలును గలరు. ఋణస్థుఁడు డిక్రీకి అడ్డు పెట్టు నుద్దేశముతో ఆస్తి నమ్మివేయఁబోవుచున్నాఁడని కోర్టుకు నమ్మకము కలిగినప్పుడు మాత్రమే అది చెల్లును. హామీ లేని అప్పును హామీ గల అప్పుగా మార్చుకొనుటకు ఈ యధికారమును సాధనముగాఁ జేసికొనరాదని సుప్రీము కోర్టువారు స్పష్టముగాఁ జెప్పియున్నారు.

సివిల్ ప్రొసీజరు కోడు 60వ సెక్షనులోఁ గొన్నిటికి జప్తునుండి రక్షణ కలదు. కట్టుబట్టలు, వంటపాత్రలు, పడకలు, మతాచారము ననుసరించి స్త్రీ తన మేనినుండి తీయరాని నగలు జప్తు చేయరాదు. మంగళసూత్రమునకు భయపడు సోదరీమణులు దీనిని గుర్తుంచుకొందురు గాక. వ్యవసాయకులు, కూలివారు, ఇంటిపనివారు తాము నివసించుచున్న స్వంత యిండ్లకును ఈ రక్షణ కలదు. కాని తామే తనఖా పెట్టిన ఇంటిపై ఆ తనఖా డిక్రీకి అది యక్కఱకు రాదు. డబ్బు డిక్రీ నిమిత్తము స్త్రీని అరెస్టు చేసి సివిలు జైలులో నుంచుటకు వీలు లేదని 56వ సెక్షను చెప్పుచున్నది. "జైలుకుఁ బంపెదము" అని వీధిలో నిలిచి కేకలు వేయువారికి ఈ సెక్షనే సమాధానము.

వ్యక్తియొద్ద రిజిస్టరు తనఖా పెట్టిన యింటికిఁ గూడ అతఁడు కోర్టుకే పోవలయును. కోర్టు మొదట బాకీ తేల్చి, చెల్లించుటకు గడు విచ్చును. వేలము జరిగిన తరువాతఁ గూడ, వేలము దినము మొదలు 60 దినములలో బాకీ సొమ్మును, కొన్నవానికి నూటికి అయిదు చొప్పున పరిహారమును డిపాజిటు చేసినచో వేలము రద్దు చేయించుకొన వీలు గలదు.

బ్యాంకు దారి

బ్యాంకులకును, చట్టము గుర్తించిన కొన్ని ఋణసంస్థలకును వేఱొక యధికారము కలదు. 2002వ సంవత్సరపు సర్ఫేసీ చట్టము ననుసరించి అవి కోర్టుకుఁ బోకయే, తనఖాయైన ఇంటిని స్వాధీనపఱచుకొని విక్రయింపఁగలవు. మామూలు వడ్డీవ్యాపారి కీ యధికారము లేదు. వ్యవసాయ భూమికి ఈ చట్టము వర్తింపదు.

ఇందలి గడువులను గృహిణులు వ్రాసి యుంచుకొనవలయును. వాయిదాలు 90 దినములకు మించి నిలిచిపోయినచో ఖాతా మొండిబాకీగా నెంచఁబడును. అప్పుడు బాకీ మొత్తమును, ఇంటి వివరములను దెలుపుచు 60 దినముల నోటీసు వచ్చును. ఆ గడువులో మన యాక్షేపణను వ్రాఁతమూలముగాఁ బంపినచో, అది చేరిన 15 దినములలో బ్యాంకు కారణములతో ప్రత్యుత్తర మీయవలయును. గడువు దాఁటిన పిమ్మట ఇంటికి స్వాధీనపు నోటీసు అంటింతురు, పత్రికలలోఁ బ్రకటింతురు. నాఁటినుండి 45 దినములలో ఋణవసూలు ట్రిబ్యునలులో దరఖాస్తు చేయవచ్చును. మన కవి హైదరాబాదులోను విశాఖపట్టణములోను గలవు. మొదటి వేలమునకు ముందు 30 దినముల నోటీసుండవలయును. వేలపు ప్రకటన వెలువడులోపల ఖర్చులతోఁ గూడ బాకీ యంతయుఁ గట్టినచో ఇల్లు దక్కును. 2016వ సంవత్సరపు సవరణచే ఆ ప్రకటనతోనే విడిపించుకొను హక్కు ముగియుచున్నది. కావున, "వేలమునాఁటికిఁ జూచుకొందము" అను ధీమా పనికిరాదు.

చిన్నసంఘములలో అప్పు దీసికొను సోదరీమణులకు మఱియొక మాట. సంవత్సరమునకు మూఁడు లక్షల రూపాయలకు మించని యాదాయము గల కుటుంబమున కిచ్చు సూక్ష్మఋణమునకు ఏ హామీయుఁ బుచ్చుకొనరాదని 2022లో రిజర్వు బ్యాంకు నియమించినది. అట్టి అప్పునకు ఇంటిపట్టా నడిగినచో నిరాకరింపుఁడు. ఆ బాకీకై ఉదయము తొమ్మిది గంటలకు ముందును, సాయంత్ర మాఱు గంటల పిమ్మటను ఫోను చేయుట కూడ నియమవిరుద్ధము.

ఇంటిలోఁ జేయవలసిన పని

చట్టము తెలిసినను లెక్క తెలియనిచో ప్రయోజనము లేదు. భార్యాభర్తలు కూర్చుండి ప్రతి బాకీని కాగితముపై వేయవలయును: ఎవరికి, ఎంత, వడ్డీ యెంత, హామీ కలదా లేదా, ఏ తేదీ. మా సోదరి కుటుంబపు అయిదు లక్షలకు నూటికి నెలకు మూఁడు రూపాయల వడ్డీ యనుకొందము. నెలకు 15,000 రూపాయలు, ఏఁటికి 1,80,000. ముప్పదినాలుగు నెలలలో వడ్డీయే 5,10,000 అగును, అసలు కదలదు. వడ్డీ కట్టుటకు మఱియొకచోట అప్పు దెచ్చుట మంటపై నేయి పోయుటయే.

లెక్క తేలిన పిమ్మట, ఇల్లు హామీగా నున్న బాకీకి మొదటి స్థాన మీయవలయును. కొట్టులో నిలిచియున్న సరకును తగ్గింపుధరకైన నమ్మి అసలు తగ్గింపవచ్చును. ఇంటిలో బంగార మున్నచో తక్కువ వడ్డీకి బ్యాంకులో నుంచి, హెచ్చువడ్డీ నోటును తీర్చుట మేలు. నగ పోయినను మరల చేయించుకొనవచ్చును. ఋణదాతతో మాటాడునప్పుడు నెలకు నిజముగాఁ గట్టఁగల మొత్తమునే చెప్పవలయును. ఆశగొలుపు మాట చెప్పి రెండవ నెలలోఁ దప్పుటకంటె తక్కువ చెప్పి నిలుపుకొనుట మర్యాద. ఇచ్చిన ప్రతి రూపాయికి రసీదు పుచ్చుకొనవలయును. పూర్తిగాఁ దీర్చిననాఁడు అసలు నోటును చేతికిఁ దెచ్చుకొని చింపివేయవలయును.

ఉచిత న్యాయసహాయము

"వకీలు కిచ్చుటకు సొమ్మెక్కడిది?" అను ప్రశ్న సహజము. 1987వ సంవత్సరపు న్యాయసేవాధికార చట్టము ప్రకారము స్త్రీ యెంత యాదాయము గలదైనను ఉచిత న్యాయసహాయమునకు అర్హురాలే. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకుఁ బోయి దరఖాస్తు వ్రాసి యిచ్చినచో వకీలును నియమింతురు. 15100 అను నంబరునకు ఫోను చేసియు సలహా పొందవచ్చును. ఉభయులు సమ్మతించినచో లోక్ అదాలతులో రాజీ చేసికొనవచ్చును. అందలి తీర్పు కోర్టు డిక్రీతో సమానము, దానిపై అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు తిరిగి వచ్చును. అప్పీలు లేదు గనుకనే, నిలుపుకొనఁగల షరతులకు మాత్రమే అక్కడ సమ్మతింపవలయును.

బాకీ తీఱిన పిమ్మట

తీర్చుటతో పని ముగియదు. రిజిస్టరు తనఖా యైనచో విడుదల దస్తావేజు వ్రాయించి రిజిస్టరు చేయించుకొనవలయును. బ్యాంకు లేక రిజర్వు బ్యాంకు అదుపులో నున్న ఋణసంస్థ యైనచో, బాకీ పూర్తిగాఁ దీఱిన 30 దినములలో అసలు దస్తావేజులను తిరిగి యీయవలయును. తమ తప్పువలన నాలస్యము చేసినచో దినమునకు 5,000 రూపాయల చొప్పున పరిహార మీయవలెనను నియమము 1-12-2023 నుండి యమలులోఁ గలదు. ఆ తరువాత సబ్ రిజిస్ట్రారు కార్యాలయమునుండి ఈసీ తీయించి, ఇంటిపై భార మేదియు మిగులలేదని కన్నులారఁ జూచుకొనవలయును.

మా సోదరికి

అమ్మా! భర్త కష్టములోఁ దోడు నిలుచుటకును, ఇంటిపై సంతకము చేయుటకును భేదము కలదు. లెక్క వేయుట, ఖర్చు తగ్గించుట, నగ తీసి యిచ్చుట, ఋణదాత యెదుట భర్తప్రక్కఁ గూర్చుండి వాయిదాలు మాటాడుట, ఇవన్నియుఁ దోడ్పాటే. ఆ అప్పు మీ పేర లేదు, ఇల్లు మీది. వారు దావా వేసినంతమాత్రమున మీ యిల్లు పోదు. మీరు సంతకము చేసినచోఁ బోవచ్చును. అన్ని దారులును మూసికొనిపోయి తనఖా తప్పనిచో, వడ్డీ తగ్గింపును, గడువును, హామీ యెంత మొత్తమునకో యను హద్దును వ్రాయించి, పాత నోట్లు తిరిగి పుచ్చుకొని, రిజిస్టరు తనఖా మాత్రమే చేయుఁడు. అంతకు ముందు కాగితమును న్యాయసేవాధికార సంస్థ వకీలుకుఁ జూపి చదివించుకొనుఁడు. "రేపు వచ్చి చెప్పెదను" అని కాగితమును ఇంటికిఁ దెచ్చుకొనుటకు మీకు హక్కు కలదు. ఆ యొక్క దినమైన ఆగనీయని ఋణదాత యుద్దేశమును మీరే యూహింపఁగలరు.

తక్కిన సోదరీమణులు ఈ నెలలో నొక మధ్యాహ్నము తీఱిక చేసికొని తమ యింటి దస్తావేజును పైకి తీసి చదువుకొందురని కోరుచున్నాము. అర్థము కాని మాట యున్నచో వ్రాసి పంపుఁడు. వచ్చు సంచికలలో వివరింప యత్నింతుము.